రామగుండం ఎండకు నిలిచే పీజో సిరామిక్ ఎలా ఉండాలి?

నొక్కితే విద్యుత్తు పుట్టించే సిరామిక్‌లను పీజో సిరామిక్‌లంటారు. వాటిలో సీసం లేని రకాల మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఒక అంకె ఎప్పుడూ ముందు వరుసలో కూర్చుంటుంది. దాన్ని డి33 అంటారు. సిరామిక్ బిళ్ళను ఒక న్యూటన్ బలంతో నొక్కితే ఎంత విద్యుదావేశం వస్తుందో చెప్పే కొలత అది, పికోకూలుంబ్‌లలో. అంకె ఎంత పెద్దదైతే పదార్థం అంత గొప్పదని లెక్క. చిక్కల్లా ఏమిటంటే, ఆ అంకెను సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, ఏసీ ఉన్న గదిలో కొలుస్తారు.

ఉత్తర తెలంగాణలో ఏడాది పొడుగునా 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? మే నెలలో రామగుండంలో నీడలోనే 45 దాటడం మామూలు. అదే ఎండలో రోజంతా నిలబెట్టిన కారు బంపర్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవి ఊళ్లలో ఐదారు డిగ్రీలకు దిగిపోతుంది. ఆ బంపర్‌లో ఉన్న పార్కింగ్ సెన్సర్ ఈ రెండింటికీ తట్టుకోవాలి. థర్మల్ కేంద్రంలో పంపు బేరింగ్ మీద బిగించిన కంపన సెన్సర్‌కైతే బయటి ఎండకు తోడు యంత్రం వేడి కూడా ఉంటుంది. అలాంటి చోట గరిష్ఠంగా ఎంత ఇస్తుందన్నది రెండో ప్రశ్న. వేడి మారినా అంతే ఇస్తుందా అన్నది మొదటి ప్రశ్న. సీసం లేని పదార్థాలు ఇంకా పూర్తిగా నెగ్గలేకపోతున్నది ఈ మొదటి ప్రశ్న దగ్గరే.

నొక్కితే విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని ఫ్రాన్స్‌లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే పదార్థం సాగడం, కుదించుకోవడం దీనికి తిరగేసిన గుణం. ఆసుపత్రిలో స్కానింగ్ ప్రోబ్ ఈ రెండు గుణాలనూ వాడుకుంటుంది: కరెంటుతో అదిరి శబ్దం పంపుతుంది, తిరిగొచ్చిన శబ్దాన్ని మళ్ళీ కరెంటుగా మారుస్తుంది. వరంగల్ ఎంజీఎంలో గర్భిణికి చేసే స్కాన్ వెనకా, డీజిల్ ఇంజిన్‌లో ఇంధనాన్ని లెక్కగా చిమ్మే కొన్ని ఇంజెక్టర్ల వెనకా ఇదే సూత్రం. 1950ల నుంచి ఈ పనుల్లో చాలా భాగం ఒకే పదార్థం చేస్తోంది. అది లెడ్ జిర్కోనేట్ టైటనేట్, పొట్టిగా పీజెడ్‌టీ. దాని బరువులో 60 శాతానికి పైగా సీసమే.

సీసం ఒంట్లోకి వెళ్తే, ముఖ్యంగా పిల్లల మెదడుకు, ఎంత చేటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంత వరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చేసింది. పీజెడ్‌టీ బిళ్ళ వాడేవాళ్ల చేతిలో ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు. సమస్య మొదట్లోనూ చివర్లోనూ ఉంది. కొలిమిలో కాల్చేటప్పుడు లెడ్ ఆక్సైడ్ ఆవిరవుతుంది. పరికరం పాడయ్యాక పాత సామాన్ల దుకాణంలో పగిలి, పొడై, మట్టిలో కలుస్తుంది.

2006 జూలై నుంచి యూరప్‌లో అమలవుతున్న ఆర్‌ఓహెచ్‌ఎస్ నిబంధన ఎలక్ట్రానిక్ వస్తువుల పదార్థాల్లో సీసం 0.1 శాతం దాటకూడదంటుంది. మన దేశంలో ఈ-వ్యర్థాల నిబంధనలూ అదే హద్దు పెట్టాయి. కానీ పీజో సిరామిక్‌లకు రెండు చోట్లా మినహాయింపు ఉంది. యూరప్‌లో దాన్ని పలుమార్లు పొడిగించారు. కారణం ఒకటే: దీనికి బదులు పెట్టడానికి నమ్మకమైనది ఇంకా దొరకలేదని పరిశ్రమ వాదన. ఆ వాదనలో స్వార్థం కొంత ఉండొచ్చు గానీ, అబద్ధమైతే కాదు.

సీసంలో అంత మహత్యం ఏముంది? సీసం అయాన్ బయటి పొరలో ఒక ఎలక్ట్రాన్ జంట ఏ బంధంలోనూ పూర్తిగా ఇరుక్కోకుండా మిగిలి ఉంటుంది. అది పక్కనున్న ఆక్సిజన్‌తో ఒకవైపుకు ఒరిగి కలుస్తుంది. దాంతో స్ఫటికంలో అణువుల అమరిక సమంగా ఉండలేక ఒక పక్కకు జరుగుతుంది. ధన, రుణ ఆవేశాలు విడిపోయి ధ్రువీకరణ వస్తుంది. సీసం పక్కింటి మూలకం బిస్మత్‌కూ ఇలాంటి జంటే ఉంది. సీసం లేని పదార్థాల వేటలో బిస్మత్ పేరు మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం ఇదే.

అయితే పీజెడ్‌టీ బలం సీసం ఒక్కదానితో రాలేదు. అందులో జిర్కోనియం, టైటానియం పాళ్లు మార్చుకుంటూ పోతే దాదాపు 52:48 దగ్గర స్ఫటికం ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మారుతుంది. ఆ హద్దు మీద రెండు ఆకారాల శక్తీ ఇంచుమించు సమానం. లోతైన గిన్నెలో గోళీని కదిలించాలంటే బలం కావాలి, పళ్ళెంలో గోళీ వేలు తగిలితే చాలు దొర్లుతుంది. హద్దు దగ్గర ధ్రువీకరణ దిశ కూడా అంత తేలిగ్గా తిరుగుతుంది. కాస్త ఒత్తిడికే ఎక్కువ ఆవేశం వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అడ్డంగా కూర్పు, నిలువుగా ఉష్ణోగ్రత పెట్టి పటం గీస్తే పీజెడ్‌టీలో ఈ హద్దు దాదాపు నిట్టనిలువుగా నిలబడుతుంది. అంటే 52:48 కూర్పుతో ఒకసారి చేసిన బిళ్ళ చలికాలంలోనూ హద్దు పక్కనే ఉంటుంది, ఎండాకాలంలోనూ హద్దు పక్కనే ఉంటుంది. వేడి పెరిగితే పటంలో నిలువుగా పైకి వెళ్తాం, హద్దు కూడా మనతోపాటే పైకి వస్తుంది. ఇది ప్రకృతి ఇచ్చిన వరం. దాదాపు ఏ సీసం లేని పదార్థానికీ ఇంత నిలువైన హద్దు దొరకలేదు. అలాగని వేడితో డి33 ఎలా మారుతుందో చూపే గీత పీజెడ్‌టీలోనూ పూర్తిగా చదును కాదు. మెత్తటి రకాల్లో, అంటే ధ్రువీకరణ తేలిగ్గా తిరిగే వాటిలో, వేడితో పాటు డి33 పెరుగుతుంది. కానీ ఆ పెరుగుదల నిదానంగా, ముందే లెక్కగట్టి సర్దుకోగలిగేలా ఉంటుంది.

సీసం లేని వాటిలో ఎక్కువ ఆశ పెట్టుకున్నది పొటాషియం సోడియం నయోబేట్ మీద. దీన్ని కేఎన్‌ఎన్ అంటారు. దాని క్యూరీ ఉష్ణోగ్రత, అంటే పీజో గుణం పూర్తిగా పోయే వేడి, దాదాపు 420 డిగ్రీలు. ఆ లెక్కన భేషుగ్గా ఉన్నట్టే. కానీ మామూలుగా కాల్చిన కేఎన్‌ఎన్ డి33 దాదాపు 80 మాత్రమే. మెత్తటి పీజెడ్‌టీ రకాల్లో 600 దాకా వస్తుంది. ఈ తేడాను పూడ్చడానికి జపాన్‌లో టయోటా కేంద్ర పరిశోధన సంస్థ, డెన్సో కలిసి చేసిన పని 2004లో నేచర్ పత్రికలో వచ్చింది. లిథియం, టాంటలం, ఆంటిమొనీ కలిపి, స్ఫటిక రేణువులన్నీ ఒకే దిశకు చూసేలా పేర్చి 416 సాధించారు. ప్రపంచమంతా ఈ పదార్థం వెంట పడింది ఆ తర్వాతే.

ఆ తర్వాత వచ్చిన పెద్ద అంకెల్లో చాలా వాటి వెనక ఒక కిటుకు ఉంది. కేఎన్‌ఎన్‌లో ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మారే హద్దు సహజంగా 200 డిగ్రీల దగ్గర ఉంటుంది, పటంలో అడ్డంగా పడుకుని ఉంటుంది. రకరకాల మూలకాలు కలిపి ఆ హద్దును గది వేడికి లాక్కొచ్చారు. హద్దు ఎక్కడుంటే అక్కడ డి33 ఎక్కువ కాబట్టి గది వేడి దగ్గర అంకె ఎగిరింది. కానీ హద్దు అడ్డంగా ఉంది. వేడి పెరిగితే దాన్ని దాటేస్తాం, తగ్గితే ఇటువైపు జారిపోతాం. 25 డిగ్రీల దగ్గర శిఖరం, రెండు వైపులా వాలు. మంచి అంకె వచ్చిన కారణమూ, నిలకడ పోయిన కారణమూ ఒకటే కావడం ఈ రంగంలో అందరికీ తెలిసిన తలనొప్పి. అయినా పత్రాల శీర్షికల్లో ఇప్పటికీ శిఖరమే కనిపిస్తుంది, వాలు లోపలి పటాల్లో దాక్కుంటుంది.

బేరియం టైటనేట్ కథా అంతే, ఇంకా ఇబ్బందిగా. 1940ల్లోనే దొరికిన ఈ పదార్థం 120 డిగ్రీలు దాటాక పీజో గుణం కోల్పోతుంది. అది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. కానీ దాని ఇంకో ఆకార మార్పు సరిగ్గా 5 డిగ్రీల చుట్టుపక్కల ఉంది, ఆసిఫాబాద్ జనవరి రాత్రికి తగిలే చోట. 2009లో జపాన్, చైనా సంస్థల పరిశోధకులు కాల్షియం, జిర్కోనియం కలిపిన బేరియం టైటనేట్‌లో 620 డి33 చూపించారు. పీజెడ్‌టీని దాటిందని సంబరం. దాని క్యూరీ ఉష్ణోగ్రత 93 డిగ్రీలే. గది వేడికి కొన్ని పదుల డిగ్రీలు పైకి వెళ్ళేసరికే పట్టు సడలుతుంది. ల్యాబ్‌లో పదార్థ రహస్యం అర్థం చేసుకోవడానికి అది అపురూపమైన పదార్థం. బంపర్‌లో పెట్టడానికి కాదు.

వేడి నిలకడ అనే మాటను ఎలా కొలిచారో చూడకుండా నమ్మకూడదు. పత్రాల్లో తరచుగా కనిపించే పద్ధతి ఇది: బిళ్ళను 100 డిగ్రీలకు వేడి చేస్తారు, కాసేపు ఉంచుతారు, చల్లారనిస్తారు, గది వేడిలో డి33 మీటర్‌లో పెట్టి కొలుస్తారు. తర్వాత 150కి, మళ్ళీ చల్లార్చి కొలత. అంకె తగ్గకపోతే ఫలానా డిగ్రీల దాకా నిలకడగా ఉందని రాస్తారు. కొలత అబద్ధం కాదు. కానీ అది చెప్పేది వేరు. ఆ వేడికి ధ్రువీకరణ శాశ్వతంగా చెడిపోలేదని మాత్రమే చెబుతుంది. ఆ వేడిలో ఉండగా బిళ్ళ ఎంత ఇస్తుందో చెప్పదు. బంపర్‌లోని సెన్సర్ పని చేయాల్సింది వేడిగా ఉన్నప్పుడే, సాయంత్రం చల్లారాక కాదు.

ఆ వేడిలోనే ఉంచి కొలవడానికి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే చిన్న గది, ఒక ఇంపెడెన్స్ ఎనలైజర్ (పౌనఃపున్యం మారుస్తూ కరెంటుకు అడ్డు ఎంతో కొలిచే పరికరం) ఉంటే చాలు. అనునాద పౌనఃపున్యం (కరెంటుకు అడ్డు అతి తక్కువ ఉండే చోటు), ప్రతి-అనునాద పౌనఃపున్యం (అడ్డు అతి ఎక్కువ ఉండే చోటు) వేడితో ఎలా జరుగుతున్నాయో చూస్తే కప్లింగ్ గుణకం (కదలిక, కరెంటు ఒకదానిలోకి ఒకటి ఎంత బాగా మారతాయో చెప్పే అంకె), పీజో గుణకం లెక్కగట్టొచ్చు. అల్ట్రాసోనిక్ పరికరాలకు అసలు కావలసింది కూడా ఇదే, ఎందుకంటే పౌనఃపున్యం జరిగితే సర్క్యూట్ దాన్ని వెంబడించలేక శబ్దం బలహీనపడుతుంది. కొలత పద్ధతి రాయని నిలకడ అంకెను సగం అంకెగానే లెక్కేసుకోవాలి.

మరి అడ్డంగా పడుకున్న హద్దును ఏం చేయాలి? అన్నిటికన్నా సులువైన దారి, దాన్ని గది వేడి కంటే బాగా కిందికి, సున్నాకు ఎంతో దిగువకు నెట్టేయడం. అప్పుడు పరికరం ఎప్పుడూ హద్దుకు ఒకే వైపు ఉంటుంది. డి33 శిఖరం పోతుంది, అంకె 200 చుట్టుపక్కలకు దిగొచ్చు, కానీ గీత చదునుగా ఉంటుంది. కేఎన్‌ఎన్ ఆధారిత మిశ్రమాల్లో కాల్షియం టైటనేట్ కలిపి ఇలా చేసి చూపించారు. ఈ దారికి ఆకర్షణ తక్కువ. పత్రానికి పనికొచ్చే రికార్డు రాదు. ఇంజినీరుకు మాత్రం ఇదే నచ్చుతుంది.

రెండో దారి హద్దును గీతలా కాకుండా వెడల్పాటి పట్టీలా చేయడం. కాల్షియం జిర్కోనేట్ లాంటివి కలిపితే మార్పు ఒక్క డిగ్రీ దగ్గర గభాలున జరగకుండా, పదుల డిగ్రీల మేర నెమ్మదిగా పరుచుకుంటుంది. రెండు ఆకారాలూ కలిసి ఉండే ఆ మండలంలో విద్యుత్ క్షేత్రానికి సాగే గుణం పెద్దగా మారదని 2013లో చైనా, జర్మనీ పరిశోధకుల పనిలో తేలింది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పెద్ద వోల్టేజి పెట్టి సాగదీసినప్పుడు వచ్చే నిలకడ, చిన్న ఒత్తిడికి వచ్చే ఆవేశంలో కూడా ఉంటుందన్న హామీ లేదు. ఇంజెక్టర్ లాంటి సాగే పనికి మొదటిది చాలు. సెన్సర్‌కు రెండోది కావాలి. ఈ తేడా పట్టించుకోకుండా ఒకదాని అంకెను ఇంకోదానికి అంటగట్టడం జరుగుతూనే ఉంటుంది.

ఇంకొందరు అసలు ఒకే కూర్పు ఎందుకన్నారు. ఒక పొరలో హద్దు 20 డిగ్రీల దగ్గర, పై పొరలో 50 దగ్గర, ఆ పైదాంట్లో 80 దగ్గర ఉండేలా పొరలు పేర్చి కలిపి కాలుస్తారు. ఒక పొర జారిపోతున్న చోట ఇంకో పొర అందుకుంటుంది. ఆలోచన చక్కగా ఉంది. కానీ వేర్వేరు కూర్పులు కొలిమిలో ఒకేలా కుంచించుకోవాలి, లేకపోతే పొరలు వంగి పగులుతాయి. రేణువులను ఒకే దిశకు పేర్చే పద్ధతి కూడా నిలకడకు సాయపడుతుంది, అయితే దానికి పలకల్లాంటి మూల స్ఫటికాలను విడిగా తయారు చేయాలి. ఖర్చు అక్కడే పెరుగుతుంది.

బిస్మత్ దారిలో వెళ్ళినవాళ్లకు వేరే అడ్డంకి. బిస్మత్ సోడియం టైటనేట్‌ను సోవియట్ శాస్త్రవేత్తలు 1960లో వెలుగులోకి తెచ్చారు. దానికి దాదాపు 6 శాతం బేరియం టైటనేట్ కలిపితే హద్దు దొరుకుతుంది, డి33 పెరుగుతుంది. కానీ సుమారు 100 డిగ్రీల దగ్గరే ధ్రువీకరణ చెదిరిపోతుంది. దీన్ని డీపోలరైజేషన్ ఉష్ణోగ్రత అంటారు. ఈ వర్గం పదార్థాలకు క్యూరీ ఉష్ణోగ్రత 300 పైన ఉందని రాయడం తప్పు కాకపోయినా ఉపయోగం లేదు, ఎందుకంటే పని ఆగిపోయేది అంతకు చాలా ముందే. జింక్ ఆక్సైడ్ రేణువులు కలిపి, లేదా కాల్చిన బిళ్ళను వేడి మీదే ఒక్కసారిగా చల్లార్చి, ఆ హద్దును పైకి జరపొచ్చని గత పదేళ్లలో చాలా పరిశోధనలు చూపించాయి.

100 డిగ్రీలంటే రామగుండం ఎండకు రెట్టింపు కదా, సరిపోదా అనిపించొచ్చు. ఎండ సంగతి సరే, తీగలు అతికించడం ఎలా? సీసం లేని టంకం మామూలు రకం 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాత సీసం టంకం 183కే కరిగేది. అంటే పరికరంలో ఒక చోట సీసం తీసేస్తే, ఇంకో చోట సీసం లేని పదార్థానికి గండం పెరిగింది. అతికించాక విద్యుత్ క్షేత్రం పెట్టి బిళ్ళలో మళ్ళీ ధ్రువీకరణ తేవడమో, వాహక జిగురు వాడటమో చేయాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది, ఫ్యాక్టరీలో మాత్రం ఇలాంటివే నిర్ణయాలు మారుస్తాయి.

తయారీ దగ్గర వరంగల్ వానాకాలం కూడా ఒక పాత్రే. కేఎన్‌ఎన్‌కు ముడిసరుకు పొటాషియం కార్బొనేట్, సోడియం కార్బొనేట్, నయోబియం పెంటాక్సైడ్. పొటాషియం కార్బొనేట్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు సీసా మూత తీసి తూకం వేసే లోపే బరువు పెరుగుతుంది, తూచిన దాంట్లో నీరు ఎంతో పొటాషియం ఎంతో తెలియదు. అందుకే ముందు ఓవెన్‌లో ఆరబెట్టి, వేడి తగ్గుతుండగానే తేమ చేరని డెసికేటర్ పాత్రలోకి మార్చి, త్వరగా తూచాలి. ఆ తర్వాత 1,100 డిగ్రీల చుట్టుపక్కల కాల్చేటప్పుడు పొటాషియం, సోడియం ఆవిరైపోతాయి. ఇరవై డిగ్రీలు తక్కువైతే బిళ్ళ గట్టిపడదు, ఇరవై ఎక్కువైతే కరగడం మొదలవుతుంది. కూర్పులో ఒక శాతం తేడా వస్తే ఆకార మార్పు హద్దు కొన్ని డిగ్రీలు జరుగుతుంది. పీజెడ్‌టీలో ఈ జారుడును నిలువు హద్దు కొంత దాచేది. ఇక్కడ దాచేవాళ్లు లేరు. ఒకే పేరుతో చేసిన రెండు బ్యాచ్‌ల వేడి గీతలు వేరుగా రావడానికి చాలాసార్లు కారణం ఇంత సాదాగా ఉంటుంది.

సీసం లేదు కాబట్టి పర్యావరణానికి మంచిదే అని కళ్లు మూసుకుని అనడానికీ లేదు. బ్రిటన్‌లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో పీజెడ్‌టీ, కేఎన్‌ఎన్ రెండింటినీ గని నుంచి బిళ్ళ దాకా పోల్చి చూశారు. నయోబియం తవ్వకం, శుద్ధికి అయ్యే ఇంధనం, కాలుష్యం లెక్కేస్తే కేఎన్‌ఎన్ భారం కొన్ని కొలమానాల్లో పీజెడ్‌టీ కంటే ఎక్కువని తేల్చారు. నయోబియంలో ఎక్కువ భాగం బ్రెజిల్ నుంచే వస్తుంది కాబట్టి సరఫరా కూడా ఒక దేశం చేతిలో ఉన్నట్టే. గనుల బతుకు ఏమిటో సింగరేణి పక్కన ఉన్న ఊళ్లకు విడమరిచి చెప్పనవసరం లేదు. ఈ లెక్క సీసాన్ని కడిగేయదు. సీసం విషం ఇంటి దగ్గర పిల్లాడికి తగులుతుంది, నయోబియం భారం వేరే చోట, వేరే రూపంలో పడుతుంది. రెండింటినీ ఒకే త్రాసులో వేయడం అంత తేలిక కాదు.

అన్ని పనులకూ ఒకే పదార్థం పీజెడ్‌టీ స్థానంలోకి వస్తుందనుకుని ఎదురుచూడటం కంటే, ఏ పనికి ఎంత నిలకడ కావాలో విడదీసుకోవడం నయం. ఒంటికి ఆనించే స్కానింగ్ ప్రోబ్ ఏసీ గదిలో పని చేస్తుంది, దానికి వేడి పరిధి చిన్నది. అక్కడ సున్నితత్వం ఎక్కువ కావాలి కాబట్టి శిఖరం ఉన్న కేఎన్‌ఎన్ రకాలను పరీక్షించొచ్చు. ద్రవంలో వస్తువులు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ తొట్టెలకు బిస్మత్ రకాలు ఇప్పటికే వాడుకలోకి వచ్చాయి. థర్మల్ కేంద్రం బేరింగ్ మీద సెన్సర్‌కు డి33 వంద ఉన్నా ఆంప్లిఫయర్‌తో సర్దుకోవచ్చు, గీత మాత్రం చదునుగా ఉండాలి. హద్దును దూరంగా నెట్టేసిన మిశ్రమాలకు చోటు అక్కడ. క్యూరీ ఉష్ణోగ్రత బాగా ఎక్కువ ఉన్న బిస్మత్ ఫెర్రైట్ రకాలూ ఆ పనికి పోటీపడొచ్చు, వాటిలో కరెంటు లీకేజీ తగ్గించగలిగితే.

ఇక వంటింట్లో గ్యాస్ లైటర్. నిప్పురవ్వ రప్పించే బిళ్ళ అందులోనూ సాధారణంగా పీజెడ్‌టీయే. దాని వేడి నిలకడ గురించి ఎవరికీ టెన్షన్ లేదు. అంకె పది శాతం అటూ ఇటూ అయినా రవ్వ పడితే చాలు. కావలసిందల్లా సుత్తి దెబ్బకు తగినంత వోల్టేజి, వేల దెబ్బలు తిన్నా చెడని ధ్రువీకరణ. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (ఆవేశాన్ని నిల్వ ఉంచుకునే గుణం) తక్కువగా ఉండే మామూలు కేఎన్‌ఎన్ రకాలు వోల్టేజి విషయంలో అంత వెనకబడవు. పైగా పాడయ్యాక చెత్తబుట్టలోకి నేరుగా వెళ్ళేది లైటరే, ఆసుపత్రి ప్రోబ్ కాదు. సీసం తీసేయడానికి సాంకేతికంగా తేలికైన చోటూ, తీసేస్తే ఇళ్ల దగ్గర మేలు కనిపించే చోటూ ఇదే. అడ్డం ధర. వీధి చివర దుకాణంలో తక్కువ ధరకు దొరికే వస్తువులో నయోబియం పెట్టి గిట్టుబాటు చేయడం తయారీదారుకు కష్టం. మినహాయింపు కొనసాగినంత కాలం ఆ కష్టం పడాల్సిన అవసరమూ అతనికి లేదు.

వరంగల్‌లో ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇలాంటి చోట భౌతికశాస్త్రం, మెటలర్జీ విద్యార్థులు ఈ అంశం ఎంచుకుంటే రికార్డు డి33 కోసం చైనా ల్యాబ్‌లతో పరుగు పెట్టడంలో పెద్ద ప్రయోజనం లేదు. బాల్ మిల్లు, కొలిమి, సిలికాన్ నూనెలో ముంచి మిల్లీమీటరుకు 3, 4 కిలోవోల్టులు పెట్టే ధ్రువీకరణ అమరిక, వేడి గదితో కూడిన ఇంపెడెన్స్ ఎనలైజర్ ఉంటే చాలు. తెలిసిన మిశ్రమాలనే తీసుకుని, 5 నుంచి 90 డిగ్రీల దాకా ఐదేసి డిగ్రీలకు ఒకసారి, వేడిలోనే ఉంచి, పైకి వెళ్తూ ఒకసారి, కిందికి దిగుతూ ఒకసారి కొలిచి, వానాకాలంలో చేసిన బ్యాచ్‌నూ వేసవిలో చేసిన బ్యాచ్‌నూ పక్కపక్కన పెట్టి ప్రచురిస్తే, సెన్సర్ తయారు చేసే కంపెనీకి పనికొచ్చే పట్టిక అది.